ఐదు గంట్లు, ఆరు మోతాదులు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే డాక్టరు గారింటి పాత సామాను అమ్మేస్తున్నారు. మందుల గదిలో ఉండే టేకు బీరువాని వీధరుగు మీదికి దించారు. కొనడానికొచ్చినాయన తలుపు గట్టిగా లాగాడు. లోపల అరలన్నీ ఖాళీ. వాసన మాత్రం గుప్పుమంది. పెప్పర్మెంటు, యాలకుల టించరు, స్పిరిటు, వాటి అడుగున టోలూ బాల్సం అనే చెట్టు బంక తీపి. ఆ బీరువాలో చివరి సీసా పెట్టి ముప్పయ్యేళ్ళు దాటి ఉంటుంది. చెక్క ఇంకా ఒదల్లేదు.

ఆ గదిలో కొన్నేళ్ళు ముందు సీసాలు కడిగి, తర్వాత మందులు కలిపిన చేతులు నావి. అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు బిళ్ళల అట్ట చేతికిచ్చి పంపడమే వైద్యం అయ్యాక, అప్పుడు జనం డాక్టరు గారి దగ్గరికి ఎలా వచ్చేవారో, ఏం పట్టుకెళ్ళేవారో, ఎందుకు మళ్ళీ వచ్చేవారో చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

ఊరు కోనసీమలో, గౌతమి పాయకి ఇవతల. యానాం - ఎదుర్లంక వంతెన పడకముందు మాట. కాకినాడ వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కాలి. లంకల్లో వాళ్ళు మా ఊరు రావాలన్నా పడవే. ఆసుపత్రి అంటే బోర్డుండేది కాదు. పెంకుటిల్లు, వీధరుగు, అరుగు మీద రెండు బల్లలు, లోపల డాక్టరు గారి గది, దాని వెనక మందులు కలిపే గది. మధ్య గోడలో చిన్న కిటికీ. డాక్టరు గారు చీటీ రాసి అందులోంచి ఇటు తోసేవారు.

డాక్టరు గారు ఎనిమిదింటికి కూర్చుంటారు. తెల్లారి అయిదింటికే అరుగు మీద సీసాల వరస మొదలయ్యేది. మనిషి నిలబడక్కర్లేదు, సీసా నిలబడితే చాలు. పాలు పోయడానికొచ్చినవాళ్ళు పక్కింటి వాళ్ళ సీసా కూడా తెచ్చి పెట్టిపోయేవారు. ఏ సీసా ఎవరిదో బిరడాని బట్టి తెలిసేది. ఒకరిది నిజమైన బెండు బిరడా, ఒకరిది గుడ్డపీలిక చుట్టిన కాగితం ఉండ, ఒకరిది కొబ్బరి పీచు. పీచు బిరడా అంటే కాంపౌండరు గారికి పడేది కాదు, నారలు ఊడి మందులో తేలేవి. వరసలో సీసాని ఎవరూ జరిపేవారు కాదు. ఫిట్స్ వచ్చిన పసిపిల్ల, పాముకాటు, ఆగని రక్తం, నొప్పులు పడుతున్న మనిషి, వీళ్ళొస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే సీసాలన్నీ గోడవారకి వెళ్ళిపోయేవి.

*

సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఎక్కువగా వచ్చేవి బ్రాందీ క్వార్టరు సీసాలు. అది నూట ఎనభై మిల్లీలీటర్లు. మాకు కావలసింది ఆరు ఔన్సులు, అంటే నూట డెబ్బై. భుజం కిందివరకూ పోస్తే అచ్చంగా సరిపోయేది. పైగా పక్కలు తిన్నగా ఉంటాయి. ఈ తిన్నదనమే ముఖ్యం, ఎందుకంటే మోతాదుని కొలిచేది చెంచా కాదు, సీసాకి అంటించిన కాగితం.

ఆ కాగితం ఎలా కత్తిరిస్తారో చూసినవాళ్ళు మరిచిపోరు. వేలెడు వెడల్పు కాగితప్పీలిక తీసుకుని, మందు మట్టం దగ్గర్నుంచి సీసా అడుగు వరకూ కొలిచి తుంచాలి. దాన్ని ముందు మూడు మడతలు, మళ్ళీ సగానికి ఒక మడత. మడత పడిన చోటల్లా అంచున కత్తెరతో చిన్న తునక కొట్టాలి. విప్పితే ఐదు గంట్లు, ఆరు సమానమైన వాటాలు. మైదా జిగురుతో సీసా పక్కన నిలువుగా అంటిస్తే, పూటకి ఒక గంటు దిగాలి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలవేళ. రోజుకి మూడు, రెండు రోజులకి ఆరు. చదువు రానివాళ్ళకి ఇంతకంటే బాగా అర్థమయ్యే చీటీ నేను ఇంతవరకూ చూడలేదు.

తప్పులు జరగకుండా ఉండేవి కావు. మొదటిది, గంట్లు లెక్కబెట్టేవాళ్ళు ఐదు పూటలే అనుకునేవారు. చివరి గంటు కింద మిగిలింది మడ్డి అనుకుని పారబోసేవారు. కేయోలిన్ లాంటి పొడి మందు కలిపిన సీసాలో అసలు సరుకంతా ఆ అడుగునే ఉంటుంది. అందుకే కాంపౌండరు గారు సీసా ఇస్తూ ప్రతివాళ్ళకీ రెండు మాటలు చెప్పేవారు. "కదిపి తాగాలి. అడుగుది కూడా తాగాలి." వాళ్ళ చేత తిరిగి చెప్పించేవారు. "కదిపి తాగుతానండి, అడుగుది పారెయ్యనండి" అనేదాకా సీసా వదిలేవారు కాదు.

రెండోది, సీసా వాసన. కిరసనాయిలు పోసిన సీసా ఎన్నిసార్లు కడిగినా దొరికిపోతుంది. కాంపౌండరు గారు ప్రతి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేవారు. అనుమానమొస్తే గుప్పెడు ఇసక, సోడా నీళ్ళు పోసి ఆడించి, వేణ్ణీళ్ళతో మూడుసార్లు తొలిపి, అప్పటికీ వాసనుంటే పక్కన పడేసి మా సీసాల్లోంచి ఒకటిచ్చేవారు. పురుగుమందు సీసా అని తెలిస్తే అరుగు మీదే పగలగొట్టేవారు. పైపూత మందులకి మాత్రం ఇంటి సీసాలు ఒప్పుకునేవారు కాదు. టర్పెంటైన్ లినిమెంటు లాంటివి నిలువు చారలున్న పలకల సీసాలోనే ఇవ్వాలి. రాత్రి దీపం లేకుండా తడిమినా, ఇది తాగేది కాదని వేళ్ళకి తెలియాలని.

*

వెనక గదిలో పని చూడటానికి తేలిగ్గా ఉండేది, కానీ వరస తప్పితే మందు చెడిపోతుంది. ఉప్పులూ పొడులూ ముందు కల్వంలో నూరాలి. కావలసిన నీళ్ళలో మూడొంతులకి రెండొంతులు పోసి కరిగించాలి. గరాటులో దూది పెట్టి వడకట్టాలి. ఆవిరైపోయే టించర్లు, అంటే స్పిరిటులో ఊరేసి తీసిన మందులు, చివర్న పోయాలి. అప్పుడు మిగతా నీళ్ళతో మట్టం సరిచెయ్యాలి. వంటసోడా ఉన్న మిక్స్చరుకి వేడి నీళ్ళు పనికిరావు, సోడా విరిగి గ్యాసు పోతుంది. బిరడా ఎగిరిన సీసాలు కూడా ఉన్నాయి.

కడుపుబ్బరానికిచ్చే కార్మినేటివ్ మిక్స్చరుని ఊరంతా "ఎర్రనీళ్ళు" అనేవారు. వంటసోడా, అల్లం టించరు, యాలకుల టించరు, పెప్పర్మెంటు నీళ్ళు, తియ్యదనానికీ నిలవకీ క్లోరోఫాం నీళ్ళు. ఎరుపు యాలకుల టించరుది. అందులో కాచినీల్ అనే పురుగు నుంచి తీసిన రంగు కలుస్తుంది. శాకాహారం నిష్ఠగా పాటించే ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఎరుపే కావాలని అడిగేవారు. టించరు అయిపోయి ఒక వారం రంగు లేకుండా ఇస్తే, "ఈసారి మందు పని చెయ్యలేదండీ" అన్నవాళ్ళు ఎందరో.

దగ్గుకి అమ్మోనియం క్లోరైడు, ఇపికాక్, టోలూ. మూత్రం మంటకి పొటాషియం సిట్రేటు, అది ఉప్పగా చల్లగా ఉంటుంది. నీరసానికి ఇనుము కలిసిన మందు. ఇనుముది భోజనం తర్వాత, గొట్టంతో పీల్చి తాగమనేవారు, లేకపోతే పళ్ళు నల్లబడతాయి. విరేచనం నల్లగా అవుతుందని కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే రక్తం పడుతోందని మర్నాడు ఇంటిల్లిపాదీ వచ్చేవారు.

అన్నిటికంటే భయపడాల్సింది ఆకలికిచ్చే చేదు మందుతో. అందులో కొన్నిసార్లు నక్స్ వామికా టించరు చుక్కలు పడేవి. నక్స్ వామికా అంటే మన విషముష్టి గింజ. దాంట్లోని స్ట్రిక్నిన్, క్షారం కలిసిన మిక్స్చరులో పడితే కరక్కుండా విడిపోయి సీసా అడుక్కి దిగుతుంది. ఆరు పూటల విషం ఆఖరి పూటలో ఒక్కసారి లోపలికి పోతుంది. "అడుగుది కూడా తాగాలి" అని చెప్పే చోట ఈ పొరపాటు జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ టించరు సీసా పై అరలో విడిగా ఉండేది. తాళంచెవి కాంపౌండరు గారి మొలతాడుకి ఉండేది. చీటీలో ఆ పేరుంటే పక్కన వంటసోడా గానీ అమ్మోనియం కార్బొనేటు గానీ ఉందేమోనని రెండుసార్లు చదివి, ఉంటే కిటికీలోంచి చీటీ వెనక్కి తోసేవారు. డాక్టరు గారు ఒక్క మాటనకుండా దిద్దేవారు. డాక్టరు రాసింది కాంపౌండరు ఆపగలిగిన చోటు అది. నాకు ఆ ఇద్దరి మీదా గౌరవం కలిగింది దానివల్లే.

*

డాక్టరు గారి గదిలో తొందర ఉండేది కాదు. వచ్చిన రోగి మొదట కాసేపు ఊపిరి తీసుకోవాలి. నడిచొచ్చిన మనిషి నాడి వెంటనే చూస్తే అబద్ధం చెబుతుంది.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"మొన్న సంత నాటినుంచండి."

"మొన్నటి సంతా, అంతకు ముందుదా?"

"వాన కురిసిన సంతండి."

వాన కురిసిన సంత ఏదో డాక్టరు గారికి తెలియాలి. తెలిస్తే జ్వరం తొమ్మిదో రోజు. తెలియకపోతే రెండో రోజో తొమ్మిదో రోజో తేలదు. మొదటివారం జ్వరానికీ రెండోవారం జ్వరానికీ మందు ఒకటి కాదు. ఏ బావి నీళ్ళు తాగుతున్నారు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా, రాత్రి చెమట పడుతోందా, దగ్గితే పడేది తెలుపా పసుపా, పనికెళ్తున్నావా మానేశావా. తర్వాత నాలుక, కింది కనురెప్ప లాగి లోపలి ఎరుపు, గోళ్ళు. వీపు మీద వేళ్ళతో కొట్టి శబ్దం వినడం. పడుకోబెట్టి, మోకాళ్ళు ముడిపించి, ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, "ఊపిరి లోపలికి తీసుకో" అనడం. ప్లీహం పెరిగి ఉంటే అప్పుడు వేళ్ళకి తగులుతుంది. ఊళ్ళో దాన్ని "కడుపులో బల్ల" అంటారు. చలిజ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళకి ఉండేది.

థర్మామీటరు డెటాల్ నీళ్ళ గ్లాసులో నిలబడి ఉండేది. దులిపి పాదరసాన్ని 95 కిందికి దింపాలి. నాలుక కింద పూర్తి నిమిషం. పిల్లలకి చంకలో, దానికి ఒక డిగ్రీ కలుపుకోవాలి. వచ్చే ముందు వేడి కాఫీ తాగినవాళ్ళు 102 చూపించి భయపెట్టేవారు. అందుకని "ఏం తాగొచ్చావు?" అన్నది మొదటి ప్రశ్న.

మూత్ర పరీక్ష ఆ గది మూలనే. పరీక్ష గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం, నీలంగా ఉంటుంది. ఎనిమిది చుక్కల మూత్రం. స్పిరిటు దీపం మీద రెండు నిమిషాలు మరగాలి. గొట్టం మూతి మన వైపుకీ, రోగి వైపుకీ ఉండకూడదు, ఒక్కసారి పొంగి చిమ్ముతుంది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, ఆ వరసలో ఎక్కువ. రోగి ఆ గొట్టం వంకే చూస్తూ కూర్చునేవాడు. రంగు మారుతుంటే మొహం మారేది. చక్కెర జబ్బంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకుండా అక్కడే కళ్ళతో చూసేవారు. నెలకోసారి వచ్చి, "ఈసారి పచ్చనేనండి, ఎరుపు లేదు" అని వాళ్ళే తీర్పు చెప్పేవారు. ఇప్పటి కాగితం మీది అంకె ఎవరికీ ఆ సంగతి అంత బలంగా చెప్పదు.

*

ఇక సూది. చెప్పాలంటే మంచీ ఉంది, చెడూ ఉంది.

గాజు సిరంజీలు. గొట్టం మీదా, లోపలి దండం మీదా ఒకే నంబరు ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి వేస్తే మందు వెనక్కి కారుతుంది, లేదా బిగుసుకుపోతుంది. విడదీసి, అడుగున గుడ్డ పరిచిన గిన్నెలో, చన్నీళ్ళలో పెట్టి స్టవ్వు మీద పెట్టాలి. మరిగే నీళ్ళలో చల్లటి గాజు వేస్తే పగులు. మా బావి నీళ్ళు ఉప్పన, తెల్లటి పొర కట్టి దండం కదలదు. అందుకే వానాకాలంలో పట్టిన వాననీళ్ళు కుండల్లో దాచేవాళ్ళం. మరగడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు. వాడిన సూదిలోకి సన్నటి తీగ దూర్చి ఉంచాలి, లేకపోతే తుప్పుతో మూసుకుపోతుంది. మొన మొద్దుబారితే నూనెరాయి మీద పదునుపెట్టేవారు.

జనం రద్దీగా ఉన్న సాయంత్రాల్లో ఆ ఇరవై నిమిషాలు ఎన్ని చోట్ల పదయ్యాయో, ఎన్ని చోట్ల ఉత్త వేణ్ణీళ్ళ తొలుపుడయ్యాయో ఊహించుకోవచ్చు. ఒకరి రక్తంలోని హెపటైటిస్ బి ఇంకొకరికి అంటింది చాలావరకూ అలాగే. ఒకే చోట సూదులు వేయించుకున్నవాళ్ళకి నెలల తర్వాత కామెర్లు రావడం, ఎవరూ దాన్నీ దీన్నీ కలిపి చూడకపోవడం, ఆ రోజుల పాపాల్లో పెద్దది. ఒకసారి వాడి పారేసే సిరంజీ వచ్చాక నేను ఊపిరి పీల్చుకున్నాను.

జనానికేమో సూది పడితేనే వైద్యం. వాటిలో రాజు కాల్షియం ఇంజెక్షను. నరానికి పది మిల్లీలీటర్లు, చాలా నెమ్మదిగా ఎక్కించాలి. ఎక్కుతుంటే గొంతు నుంచి కాళ్ళదాకా వేడి పాకుతుంది. ఆ వేడే బలం అనుకునేవారు. తొందరగా తోస్తే గుండె లయ తప్పుతుంది. నరం పక్కకి పోతే చర్మం కుళ్ళుతుంది. చాలామందికి అది అవసరమే లేదు. డాక్టరు గారు నచ్చజెప్పి చూసేవారు. "ఒక్క ఏడి సూదెయ్యండి బాబూ, వరికోతలకెళ్ళాలి" అని కూర్చుంటే, ఒక్కోసారి బి కాంప్లెక్సు కండకి వేసి పంపేవారు. వెయ్యకపోతే పక్క ఊళ్ళో ఇంకొకరి దగ్గర ఇంకేదో వేయించుకుంటారని తెలుసు. అది సరైనదా కాదా అని ఇప్పటికీ నాలో నేను వాదించుకుంటాను. సరైనది కాదనే అనిపిస్తుంది.

పెన్సిలిన్ మాత్రం కచ్చితంగా. ముందు ముంజేతి చర్మంలో చిన్న పరీక్ష చుక్క, చుట్టూ పెన్నుతో గీత, ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చోవాలి. పెన్సిలిన్ పడకపోతే వెంటనే వెయ్యడానికి పక్క ట్రేలో అడ్రినలిన్ ఆంప్యూలు కోసి సిద్ధంగా. మందు ఎక్కాక కూడా అరగంట ఇంటికి పంపేవారు కాదు.

*

బోదకాలు సంగతి చెప్పకుండా గోదావరి జిల్లాల్లో డాక్టరు గది గురించి చెప్పినట్టు కాదు. చలి, వణుకు, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రగా కాగడం. మూడు రోజులుండి పోతుంది, మళ్ళీ కొన్నాళ్ళకొస్తుంది. ఒక్కో రాకకీ కాలు కొంచెం లావవుతుంది. పరీక్ష రాత్రి పదింటి తర్వాతే. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని రాత్రి రక్తంలో తిరుగుతాయి, కుట్టే దోమ కూడా రాత్రిదే. లాంతరు పట్టుకుని వచ్చినవాళ్ళని అరుగు మీద పడుకోబెట్టి, లేపి, వేలి చివర పొడిచి, గాజు పలక మీద మందంగా రక్తం పూసేవారు. తెల్లారేసరికి ఆరుతుంది. నీళ్ళలో ముంచి ఎరుపు పోగొట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడాలి.

మందు హెట్రజాన్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకి నాయకుడిగా ఉన్నప్పుడు వెలికొచ్చిన మందది. ఆయన పుట్టిన నేల మీదే ఆ జబ్బు ఇంతగా ఉండటం, ఆయన 1948లోనే పోవడం, బిళ్ళ చేతిలో పెట్టుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. రోజుకి కిలోకి ఆరు మిల్లీగ్రాములు, అంటే యాభై కిలోల మనిషికి వంద మిల్లీగ్రాముల బిళ్ళ పూటకొకటి, మూడు పూటలా, పన్నెండు రోజులు. మొదటి రెండు రోజులూ లోపలి పురుగులు చచ్చి జ్వరం, తలనొప్పి వస్తాయి. అది మందు పడలేదని కాదు, పని చేస్తోందని. ఈ మాట ముందు చెప్పకపోతే బిళ్ళలు కాలవలో పడతాయి. వచ్చేసిన లావు బిళ్ళలతో తగ్గదు. రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి, పగుళ్ళకి మందు రాయాలి. ఆ సందుల్లోంచే మళ్ళీ జ్వరం ఎక్కుతుంది. వరిచేలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడేవాళ్ళకి "కాలు పొడిగా ఉంచు" అని చెప్పడం ఎంత కష్టమో చెప్పేవాళ్ళకే తెలుసు.

*

టైఫాయిడ్‌కి క్లోరోమైసిటిన్ గుళికలు. రెండేసి, రోజుకి నాలుగుసార్లు. నాలుగో రోజుకో ఐదో రోజుకో జ్వరం దిగుతుంది, అప్పుడే ప్రమాదం. దిగింది కదా అని ఆపేస్తే రెండు మూడు వారాల్లో తిరగబెడుతుంది. పద్నాలుగు రోజులూ మింగాలి. 1990 ప్రాంతానికి ఆ మందుకి లొంగని టైఫాయిడ్ వచ్చేసింది, వేరే గుళికలు రావలసి వచ్చింది.

పథ్యం దగ్గర డాక్టరు గారికీ ఇంట్లో మామ్మలకీ ఎప్పుడూ తగువే. మామ్మలది లంఖణం. డాక్టరు గారిది జావ, పాలు, బ్రెడ్డు. ఊళ్ళో బ్రెడ్డు పొట్లంతో ఎవరైనా కనిపిస్తే, "ఎవరికి జ్వరం?" అనే అడిగేవారు. మూడోవారంలో పేగు పుండు చిల్లిపడే భయం ఉంటుంది కనక గట్టి తిండి వద్దనడం వరకూ మామ్మల మాటలో నిజం ఉంది. కడుపు మాడ్చడంలో లేదు. జ్వరం ఒదిలి కొన్ని రోజులయ్యాక పథ్యం పెట్టడమంటే ఇంట్లో పండగ. మెత్తగా వండిన పాత బియ్యం అన్నం, శొంఠిపొడి, బీరకాయ కూర, మిరియాల చారు. ఆ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి కళ్ళు చూడాలి.

*

పాముకాట్లు నాట్ల కాలంలోనూ కోతల్లోనూ. రక్తపింజరి అయితే కాలు వాచిపోతుంది. రక్తం గడ్డకట్టే గుణం పోయిందా లేదా అన్నది తెలుసుకోవడానికి, శుభ్రంగా ఆరిన చిన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, ఒంచి చూడాలి. నీళ్ళలా జారితే విషం ఎక్కినట్టు. సబ్బు పొడితో కడిగిన గొట్టం పనికిరాదు, ఏమీ లేకపోయినా గడ్డకట్టదు. కట్లపాముది ఇంకో దారి. నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రి కరుస్తుంది. వాపుండదు, కాటు కూడా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తారు, మాట ముద్దగా, రెప్పలు వాలుతూ. దాన్ని కడుపునొప్పి అనుకుంటే మనిషి దక్కడు.

విరుగుడు మందు పొడి సీసాల్లో వస్తుంది. నీళ్ళు పోసి నెమ్మదిగా తిప్పాలి, ఆడిస్తే నురుగొస్తుంది. మా దగ్గర ఎప్పుడూ రెండో మూడో ఉండేవి, అవి చాలవు. మొదలుపెట్టి, రేవుకి మనిషిని పరిగెత్తించి కాకినాడ పంపాలి. రాత్రి పంటు తిరగదు. నాటు పడవలో, సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని బంధువొకడు నిలబడి ఉండేవాడు. అవతలి ఒడ్డున లాంతరు కనిపించేదాకా ఇవతల డాక్టరు గారు గట్టు దిగేవారు కాదు.

1986 వరదలో అదే రేవు మీదుగా లంకల జనం వచ్చారు. నీళ్ళు తీశాక విరేచనాలు. సెలైన్ సీసాలు రెండు రోజుల్లో అయిపోయాయి. అప్పుడు పనికొచ్చినవి క్వార్టరు సీసాలే. ఐదున్నర సీసాల కాచిన నీళ్ళంటే లీటరు. అందులో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. రుచి చూడాలి, కన్నీళ్ళ కంటే ఉప్పన ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. కలిపాక కాచకూడదు, మర్నాటికి ఉంచకూడదు. ఒక్కసారి గ్లాసుతో పోస్తే వాంతి, నిమిషానికో చెంచా అయితే నిలుస్తుంది. ఇంటికొకరిని కూర్చోబెట్టి నేర్పితే, వాళ్ళు మా కంటే బాగా పట్టేవారు.

*

రెండు రోజులకే మందెందుకు అని చాలామంది అడిగేవారు. అంతదూరం నుంచి నడిచొస్తాం, వారానికి సరిపడా ఇవ్వొచ్చు కదా అని. కలిపిన మందు ఎక్కువ రోజులు నిలవుండదు, అదొకటి. కూలి డబ్బుల్లోంచి ఒకేసారి ఎక్కువ తియ్యలేరు, అదొకటి. అసలు కారణం వేరు. మూడోరోజు పొద్దున సీసా ఖాళీ అవుతుంది, ఖాళీ సీసాతో మనిషి మళ్ళీ వస్తాడు. జ్వరం తగ్గిందా, మెట్లెక్కినట్టు పెరుగుతోందా, కళ్ళు పసుపెక్కాయా, మందు పడిందా లేదా, మూడోరోజున చూస్తే తెలుస్తుంది. మొదటిరోజు చూసి చెప్పగలిగింది చాలా తక్కువ. డాక్టరు గారికున్న గొప్ప పనిముట్టు ఆ క్వార్టరు సీసా అని నేననుకుంటాను.

అందుకే మూడోరోజు సాయంత్రం కాంపౌండరు గారు పుస్తకం తీసేవారు. సీసా తిరిగి రానివాళ్ళ పేర్ల పక్కన ఎర్ర పెన్సిలుతో చుక్క. క్షయ వాళ్ళకి ప్రత్యేకం పేజీ. స్ట్రెప్టోమైసిన్ రోజూ వేయించుకోవాలి, బిళ్ళలు పద్దెనిమిది నెలలు. మదనపల్లె శానిటోరియం అనే క్షయ ఆసుపత్రి దాకా వెళ్ళలేనివాళ్ళే అందరూ. ఇంట్లో ఉండి మందు వాడినా శానిటోరియంలో వాడినంత నయమవుతుందని మద్రాసులో చేసిన పరిశోధన 1959లోనే తేల్చింది, కానీ వాడితేనే కదా. మూడో నెలకి దగ్గు తగ్గి ఒళ్ళు చేస్తుంది, మనిషి రావడం మానేస్తాడు. చెవుల్లో హోరు, తల తిరుగుడు అని కొందరు మానేస్తారు. ఆ రెండోవాళ్ళు చెప్పి మానితే మందు మార్చొచ్చు, చెప్పకుండా మానితేనే చిక్కు.

చుక్క పడిన పేర్లు చీటీ మీద రాసి, సైకిలిచ్చి కుర్రాణ్ణి పంపేవారు. దీపాలవేళ దాటాక వాడు తిరిగొచ్చి ఒక్కొక్కటీ చెబుతుంటే కాంపౌండరు గారు పక్కన రాసుకునేవారు. నయమైంది. పుట్టింటికెళ్ళింది. కోతలకి పోయాడు. మంత్రగాడి దగ్గరున్నారు. రేపొస్తామన్నారు. ఎక్కువసార్లు వచ్చే జవాబు మాత్రం "సీసా పగిలిపోయిందండి" అని. డబ్బుల్లేవని చెప్పుకోలేనివాళ్ళు చెప్పే మాట అది, అందరికీ తెలుసు. కాంపౌండరు గారు కిటికీ గట్టు మీది సీసాల్లోంచి ఒకటి తీసి, మూతి దగ్గర వాసన చూసి, తొలిపి, ఆ చీటీ మందు కలిపి, కాగితం మడిచి గంట్లు కొట్టి అంటించి, కుర్రాడి చేతికిచ్చి, "కదిపి తాగమను, అడుగుది కూడా తాగమను" అని మళ్ళీ సైకిలెక్కించేవారు.